జువ్వలదిన్నె మాటిచ్చేసిందట

రాసుకో అమ్మణ్ణీ, మళ్లీ మర్చిపోతాను.

ఆ ఏడు సముద్రంలో చేపల వేట నిషేధం రోజుల్లోనే ఓట్లొచ్చాయి. పడవలన్నీ ఒడ్డునే, మగవాళ్లంతా వలలు బాగుచేసుకుంటూ ఇళ్ల దగ్గరే. మనుషులు తీరిగ్గా దొరికే కాలం పార్టీవాళ్లకు తెలియదా? మా మైపాడుకు ఒక జీపు వచ్చింది. దిగిన మనిషి అదిస్తాం ఇదిస్తాం అనలేదు. అక్కడే నాకు అనుమానం. వలల మధ్య చతికిలబడి, "జువ్వలదిన్నె మొత్తం మాకు మాటిచ్చేసినారన్నా. ఇంక మీ ఊరొక్కటే మిగిలింది. రేపు గెలిచినాక మీరొక్కరే ఎడంగా ఉంటే ఏం బాగుంటది?" అన్నాడు.

మా బెస్తవాళ్లలో ఊరంతా ఒకే మాట మీద ఉండాలి. పెద్దలు కూర్చొని దురాయి వేశారంటే అది ఊరి కట్టుబాటు. దాటిన ఇంటికి నిప్పు కూడా ఇవ్వరు. ఇంకో బెస్త ఊరు కట్టుబడిందంటే మావాళ్లు మెత్తబడతారని ఆ మనిషికి బాగా తెలుసు. సాయంత్రమే దురాయి అన్నారు. అది పడిందంటే నా ఓటు ఇక నాది కాదు.

నా చెల్లెలు జువ్వలదిన్నె కోడలు. ఫోన్ చేశాను.

"ఏమే, మీ ఊరు ఎవరికో మాటిచ్చేసిందంటనే?"

"మేమా? మీ మైపాడు ఇచ్చేసిందనే కదక్కా, రేపు మా పెద్దోళ్లు కూర్చుంటుండేది! జీపులో వచ్చినాయన చెప్పినాడు."

"పొట్టిగా, నవ్వితే పన్ను మీద పన్ను?"

"ఆ, ఆయనే!"

సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. వాళ్ల ముందు ఆడవాళ్లు నోరెత్తకూడదు. నేను వెనక నిలబడి ఫోన్ స్పీకర్ పెట్టి పైకెత్తాను. అవతల చెల్లెలు అదే మాట అరిచి చెప్పింది.

"ఆడోళ్ల ఫోన్ కబుర్లకి దురాయి ఆపుతామా వదినా?" అని మా మరిది ఎగతాళి చేశాడు.

"మగోళ్లు ఒక్కరన్నా ఫోన్ చేసి అడిగినారా అబ్బయ్యా?"

ఊరిపెద్ద తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఈసారి దురాయి లేదు. ఎవరి ఓటు వాళ్లిష్టం" అని లేచిపోయాడు.

మర్నాడు రెండో పార్టీవాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"అవ్వా, నిన్న ఆ జీపాయన అబద్ధం బయటపెట్టినావంట, అది ఇంకొకసారి చెప్పు, వీడియో తీసుకుంటాం. ఊరంతా మా పక్కకొచ్చిందని చివర్న ఒక ముక్క కలుపు, చాలు."

"ఎవరొచ్చినారు నాయనా మీ పక్కకి?"

"వస్తార్లే అవ్వా."

కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయి తలుపేశాను. కిటికీ సందులోంచి చూస్తే, ఇంకా మా ఇంటినే వీడియో తీస్తున్నారు.