ఒంటరి జంట

చింతపల్లి దగ్గరి గిరిజన బాలికల జూనియర్ కాలేజీలో రమణి కెమిస్ట్రీ గెస్ట్ లెక్చరర్. అణువుల ఆకారాల పాఠం వచ్చిందంటే ముందు రోజే సంతకెళ్లి బుడగల పొట్లం కొనుక్కొచ్చేది. రెండు బుడగలు ఊది మూతులు కలిపి కడితే అవి ఎదురెదురుగా ఒకే గీత మీద నిలుస్తాయి. మూడు కడితే ముక్కోణంలా విచ్చుకుంటాయి. నాలుగు కడితే మూడు బల్లకు ఆని, నాలుగోది పైకి లేస్తుంది.

"వీటినెవరూ సర్దలేదు. ఒకదాన్నొకటి నెట్టుకుని వాటంతటవే సర్దుకున్నాయి. అణువులో ఎలక్ట్రాన్ జంటలూ అంతే. ఎన్ని జంటలున్నాయో తెలిస్తే చాలు, కంటికి ఆనని అణువు ఏ ఆకారంలో ఉంటుందో ఇక్కడ కూర్చునే చెప్పెయ్యొచ్చు," అనేది.

ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకే ఆశ్చర్యం వేసేది. లంబసింగి పైనున్న చిన్న ఊళ్లో కాఫీ పళ్లు ఏరుతూ పెరిగిన మనిషి. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి యర్రమ్మ కొండ మీద పోడు వ్యవసాయం చేసి ఇద్దరు పిల్లల్నీ సాకింది. తమ్ముడు నవీన్ ఇంటర్ మధ్యలో మానేసి, అక్క ఎమ్మెస్సీ చదువుకి ఆసరాగా నిలబడ్డాడు. లంబసింగికి మంచు చూడ్డానికి జనం రావడం మొదలయ్యాక రోడ్డు పక్కన బొంగు చికెన్ కొట్టు పెట్టుకున్నాడు.

ఒక డిసెంబరులో శుక్రవారం నాడు రమణి నీటి అణువు దగ్గరికొచ్చింది. ఆక్సిజన్ చుట్టూ రెండు బంధాలున్నాయి, బంధంలో చేరని ఒంటరి జంటలు ఇంకో రెండున్నాయి అని బోర్డు మీద గీసింది.

చిట్టెమ్మ అనే పిల్ల లేచింది. "జంటంటారు, మళ్లీ ఒంటరంటారు. అదేటి మేడమ్?"

క్లాసంతా నవ్వింది. రమణి కూడా నవ్వింది. "ఎవరితోనూ పంచుకోనిది కాబట్టి ఒంటరి. కానీ దాన్ని తక్కువ చెయ్యకండి. బంధంలో ఉన్న జంట కంటే అదే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మిగతావాటిని పక్కకి నెట్టేస్తుంది. అందుకే నీటి అణువు వంగిపోయింది."

"మరి కార్బన్ మోనాక్సైడ్ ఆకారం ఏటి మేడమ్?" అంది చిట్టెమ్మ మళ్లీ.

"రెండే పరమాణువులు. గీత తప్ప ఇంకేం వస్తుంది? దాన్ని పరీక్షలో అడగరు, కూర్చో," అని రమణి అమ్మోనియాలోకి వెళ్లిపోయింది.

ఆదివారం ఇంటికెళ్లింది. ఊరు గడ్డకట్టుకుపోయి ఉంది. ఇంటి పెద్ద గదిని నవీన్ విశాఖపట్నం నుంచి వచ్చిన కుర్రాళ్లకి అద్దెకిచ్చాడు. తల్లిని మేనత్త ఇంటికి పంపి, తను కాఫీ గింజల బస్తాలు పెట్టుకునే కొట్టుగదిలో పక్క వేసుకుంటున్నాడు. రమణి వెళ్లేసరికి ఆ గది కిటికీకి టార్పాలిన్ కొడుతున్నాడు.

"మేకు పట్టుకోవే అక్కా. సలిగాలి సూదుల్లాగ దిగిపోతంది," అన్నాడు.

ఆమె మేకు పట్టుకుంది. తలుపు కింద సందులో గోనె గుడ్డ కుక్కడానికీ తనే సాయం చేసింది. సాయంత్రం ఇద్దరూ వాకిట్లో కూర్చుని, చికెన్ కొట్టు నుంచి తెచ్చిన బొగ్గు నిప్పుల మీద చేతులు కాచుకున్నారు. పాత ఇనప మూకుడు నిండా కణకణలాడే నిప్పులు. చింతపల్లి జీపు వాడు హారన్ కొడితే రమణి లేచింది. "జాగ్రత్తరా, జలుబు చేస్తుంది," అంది.

మర్నాడు పొద్దున్న స్టాఫ్ రూములో ఉండగా ఊరి నుంచి ఫోనొచ్చింది.

ఆమె వెళ్లేసరికి కొట్టుగది తలుపు ఊడదీసి ఉంది. నవీన్ దుప్పటి కప్పుకుని పక్కకి ఒత్తిగిలి ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా, ఎండలో ఆడుకుని వచ్చి నిద్రపోయిన పిల్లాడి బుగ్గల్లా ఉన్నాయి. పక్కనే మూకుడు. అందులో బూడిద. ఆ బుగ్గలూ ఆ బూడిదా చూడగానే రమణికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. 

కీడు చూసి పూజలు చేసే దిసారి సోములు వచ్చాడు. గది నాలుగు మూలలా బియ్యం చల్లి, మేనత్త ఇంటి నుంచి పరుగెత్తుకొచ్చిన తల్లితో, "గాలి సోకింది యర్రమ్మా. సంపంగి గెడ్డ కాడి గాలి. సానా బలమైనది," అన్నాడు.

రమణి అతని మీద విరుచుకుపడింది. "ఏ గాలీ సోకలేదు. పిచ్చి మాటలు చెప్పకు." ఊళ్లోవాళ్లు ఆమెను పక్కకి లాక్కుపోయారు. ఆసుపత్రిలో డాక్టరు కూడా ఆమె అనుకున్నదే, కార్బన్ మోనాక్సైడ్ అనే రాసిచ్చాడు.

దినాలయ్యాక తల్లీ కూతురూ మిగిలారు. ఆ ఆదివారం కిటికీకి మేకు పట్టుకున్న సంగతి రమణి అప్పటికే చెప్పేసింది. ఒక మధ్యాహ్నం యర్రమ్మ అడిగింది.

"గాలి కాదన్నావు కదే. మరేటి?"

రమణి తల్లి పక్కన కూర్చుంది. "గాలేనే అమ్మా. సోములు మామ అన్నది సగం నిజమే. నిప్పుల గాలి," అంది. "గది మూసేస్తే బొగ్గులు సరిగ్గా మండవు. అప్పుడొక గాలి పుడుతుంది. రంగుండదు, వాసనుండదు. దాంట్లో ఎవరితోనూ కలవని జంట ఒకటుంటుంది. మన నెత్తుట్లో ఇనుముంటుంది. ఆ జంట పోయి ఆ ఇనుముని పట్టుకుంటుంది. మనం పీల్చే మంచి గాలికి చోటివ్వదు. మనిషికి నిద్రొస్తుంది. అంతే."

యర్రమ్మ అంతా విన్నది. "ఇదంతా నీకిప్పుడు తెలిసిందా?"

"లేదమ్మా. చదువుకున్నప్పుడే తెలుసు."

"తెలిసే ఆ కిటికీ మూసావా?"

 నవీన్ మూకుడు లోపలికి తీసుకెళ్తాడని అనుకోలేదని రమణి చెప్పబోయింది. అది నిజమే. కానీ అనుకోవడానికి కావలసినదంతా తన కళ్ల ముందే ఉంది. మూసిన కిటికీ, గోనె గుడ్డ, నిప్పులు. క్లాసులో అయితే పిల్లలకి అంతకంటే తక్కువిచ్చి జవాబు చెప్పమనేది.

యర్రమ్మ తిట్టలేదు, ఏడవలేదు. కొంగు దులుపుకుని పొలం వైపు వెళ్లిపోయింది.

జనవరిలో రమణి మళ్లీ కాలేజీలో చేరింది. ఒక సాయంత్రం హాస్టలు మీదుగా పోతుంటే, అద్దాల్లేని కిటికీలకి ఫ్లెక్సీలు కట్టిన గదిలోకి ఇద్దరు పిల్లలు వంటశాల నుంచి బేసిన్‌లో నిప్పులు మోసుకుపోవడం కనిపించింది. ఆమె పరుగెత్తింది. ఏమీ అడగలేదు. వరండాలో ఉన్న నీళ్ల బకెట్ ఎత్తి నిప్పుల మీద కుమ్మరించింది. ఆవిరి గుప్పున లేచింది. బేసిన్ పట్టుకున్న పిల్ల కెవ్వుమని వదిలేసింది. నిప్పు కణికలు పాదం మీద పడ్డాయి.

ఆ పిల్ల చిట్టెమ్మ.

తండ్రి భీముడు వచ్చి పిల్ల కట్టు చూసి, "కొట్టినా ఊరుకుందుము మేడమ్. కాల్చీడమేటి?" అన్నాడు. రమణి క్షమించమని అడిగింది. ఎందుకు పోసిందో చెప్పడం మొదలుపెట్టి సగంలో ఆపేసింది. ప్రిన్సిపాల్ మంచివాడే. నవీన్ సంగతి తెలిసినవాడే. అయినా పైవాళ్లకి సమాధానం చెప్పుకోవాలి. మరుసటి ఏడు ఆమెను మళ్లీ పాఠాలకి పిలవలేదు. ఫ్లెక్సీలు మాత్రం కిటికీలకి అలాగే ఉన్నాయి.

ఇప్పుడు రమణి ఊళ్లోనే ఉంటోంది. మిరియాలు కోస్తుంది, కాఫీ పళ్లు ఏరుతుంది. చలికాలం వస్తే గదులు అద్దెకిచ్చే ఇళ్లకి తిరిగి, నిప్పులు లోపల పెట్టొద్దని చెబుతుంది. కొందరు వింటారు. కొందరు, "నీ తమ్ముడికే సెప్పుకోనేకపోయావు," అని మొహం మీదే అంటారు. ఆమె పక్కింటికి వెళ్తుంది. ఈమధ్య సోములు కూడా వెంట వస్తున్నాడు. నిప్పుల గాలి పేరు చెప్పి భయపెడతాడు. ఆయన చెబితే ఎక్కువమంది వింటున్నారు.

యర్రమ్మ కూతురితో పనికి కావలసినంత వరకే మాట్లాడుతుంది. అన్నం పెడుతుంది, దుప్పటి కప్పుతుంది. కిటికీ మాట మళ్లీ ఎత్తలేదు.