శెట్టిగారి మాత్రల పంక్తి

హిందూపురంలో పట్టుచీరల అంగడి నడిపిన అశ్వత్థనారాయణ శెట్టిగారికి ఒక్కటే పిచ్చి. ఆయన ఒంటరిగా మాత్ర మింగరు, ఇంకొకరిని మింగనివ్వరు. భోజనాలకు పిలిచినట్టు అందరినీ పిలిచి, చాపమీద వరసగా కూర్చోబెట్టి, అందరూ ఒక్కసారిగా నోట్లో వేసుకుంటే తప్ప ఆయనకు తెల్లారినట్టుండదు.

పొద్దున టిఫిన్ అయీ కాకముందే మేడమీది ఇంట్లోంచి కింద అంగట్లోని గుమాస్తాకు ఆయన కేక వినపడేది.

"నల్లప్పా, మడతలు చాలుగానీ పైకి రా."

"బేరం నడస్తాండాది శెట్టీ."

"ఆ బేరమాడే ఆయమ్మను గూడా పిల్చకరా. ఇంత బేరమాడే మనిషికి బీపీ ఉండకుండా పోతుందా?"

ఆయమ్మ నిజంగానే వచ్చేది. సంచిలోంచి మాత్ర తీసి, మింగి, పోయేటప్పుడు సిగ్గుపడి బేరం మానేసేది. కోడలు పల్లవి ఇది చూసి నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తేది.

పంక్తికి శెట్టిగారి శాసనాలు రెండు. మందుల అట్టలు పంక్తిలో కనపడకూడదు. ఇంటిల్లిపాదికీ, పనివాళ్లకీ తలా ఒక స్టీలు కుంకుమ బరిణె కొనిచ్చారు. ఎవరి గదిలో వాళ్లు మాత్ర విప్పి, బరిణెలో వేసుకుని రావాలి. ఇక రెండోది, ఎవరిది ఏ మాత్ర అని అడగకూడదు.

ఒకసారి ధర్మవరం నుంచి చీరలు తెచ్చే యల్లప్ప ఆ శాసనం మీరాడు. శెట్టిగారి కొడుకు పృథ్వీని చూసి, "నీకేం రోగమబ్బా, ఈ వయసులో?" అన్నాడు. శెట్టిగారు నీళ్ల గ్లాసు కింద పెట్టారు.

"యల్లప్పా, నువ్వు తెచ్చే చీరల్లో పట్టెంత, పాలిస్టరెంత అని నేనెప్పుడన్నా అడిగితినా?"

యల్లప్ప తన మాత్రను నీళ్లు లేకుండానే మింగేశాడు.

శెట్టిగారి మాత్ర సంగతి వేరు. తెల్లగా, బొటనవేలి గోరంత ఉండేది. నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేవారు. బుగ్గ ఉబ్బేది. కాసేపటి దాకా మాట వచ్చేది కాదు. "గట్టి మందు," అనేవాడు నల్లప్ప భక్తిగా.

అందరూ నవ్వుకునే ఈ పిచ్చే తన కాపురాన్ని నిలబెడుతోందని పల్లవికి మాత్రమే తెలుసు. పృథ్వీకి పెళ్లికి ముందు నుంచే జననాంగాల దగ్గర హెర్పిస్ ఉంది. దాచకుండా తనే చెప్పాడు. ఇద్దరూ కలిసి బెంగళూరు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఇది ఒంట్లోంచి పోదని, కానీ రోజూ మాత్ర వేసుకుంటే పొక్కులు మళ్లీ మళ్లీ రావడం బాగా తగ్గుతుందని, పల్లవికి అంటుకునే భయం పూర్తిగా పోకపోయినా తగ్గుతుందని ఆవిడ చెప్పింది. పొక్కులున్నప్పుడు మాత్రం దూరంగా ఉండమంది. పల్లవి ఆలోచించుకునే పెళ్లికి ఒప్పుకుంది.

వచ్చిన చిక్కల్లా ఉమ్మడి ఇంటితోనే. అట్ట కనపడితే నలుగురూ నాలుగు ప్రశ్నలు వేస్తారని పృథ్వీ దాన్ని స్కూటర్ డిక్కీలో, బూట్లలో, ఎక్కడపడితే అక్కడ దాచేవాడు. ఎక్కడ దాచాడో మరిచిపోయేవాడు. మాత్రలు తప్పేవి. పొక్కులు వచ్చేవి. స్టాకు చూడాలంటూ దిండు చంకన పెట్టుకుని కిందికి దిగి, అంగట్లోనే పడుకునేవాడు.

"పెండ్లిండ్లు లేని నెలలో ఏం స్టాకురా?" అనేది తల్లి రంగనాయకమ్మ.

పల్లవి ధర్మవరంలోని పుట్టింటికి పోదామని పెట్టె సర్దుకున్న వారంలోనే మామగారికి ఈ పిచ్చి పట్టింది. పృథ్వీ బరిణె పట్టుకుని పంక్తిలో కూర్చున్నాడు. మాత్ర తప్పలేదు. దిండు పైకి వచ్చింది. పల్లవి పెట్టె విప్పేసింది. అదృష్టమే అనుకుంది.

పోయిన కార్తీకంలో శెట్టిగారు నిద్రలోనే పోయారు. చాప చుట్టేశారు. బరిణెలు అటకెక్కాయి. నెల తిరగకుండానే పృథ్వీ మళ్లీ దాచడం, మరవడం మొదలుపెట్టాడు. దిండు మళ్లీ కిందికి దిగింది. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నవాడితో పల్లవి ఏమనగలదు?

అలాంటి రోజుల్లో మనవరాలి పెళ్లి చీరలకని పెనుకొండ సోమక్క వచ్చింది. శెట్టిగారు పోయిన సంగతి విని చాలాసేపు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత ఏం గుర్తొచ్చిందో కిసుక్కున నవ్వింది.

"పాపా, మీ మామ ఈ మాత్రల పిచ్చి ఎట్ల పట్టుకున్యాడో తెల్సునా? యాడాదికి ముందర ఈడ చీర కొనకపోయి మడత ఇప్పితే లోపల మాత్రల అట్ట. చీరతో పాటు మందులు గూడా ఇస్తాండారే అని తిరిగి తెస్తి. ఎవురిదప్పా ఇది అంటి. శెట్టి నల్లప్ప దిక్కు చూసె, ఈ పిల్లోని దిక్కు చూసె. నాదే సోమక్కా అనె."

చీరలు విప్పి చూపిస్తున్న పృథ్వీ చేతులు ఆగిపోయాయి.

"ఏం జబ్బు శెట్టీ అంటే చెప్పలే. అట్ట పేరన్నా చదవలే. ఆ చీర తీసిన వరసలోనే పెట్టేసి, మెల్లగా నాతో 'నా అంగట్లో ఎవురో మందు దాంచుకోని తింటాండారక్కా, అంత ఖర్మేమి పట్టె' అనె. అప్పుడే నాదంటివి గదప్పా అంటే, ఇంగ రేపట్నుంచి నాదే అనె."

కాఫీ తెచ్చిన రంగనాయకమ్మ గడపలోనే నిలబడిపోయింది.

"అట్లనా సంగతి? ఆయప్పకు జ్వరం గూడా ఎప్పుడూ రాలే. ఆ తెల్లది పిప్పరమెంటు బిళ్ల. కొనిపెట్టింది నేనే. ముసలోనికి తీపి యావ, సిగ్గుపడి మాత్రంటాండాడు అనుకుంటి."

నల్లప్ప నోరు తెరిచాడు. "నేను గట్టి మందనుకుంటి కదమ్మా."

ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, కాసేపు అంగట్లో బేరం సాగలేదు. పృథ్వీ మాత్రం పైకి వెళ్లాడు. అటక మీద స్టీలు గలగలమంది. చాప దులిపిన చప్పుడైంది.

"అమ్మా, నల్లప్పా, రాండి. సోమక్కా, నువ్వు గూడా."

"చీర చూద్దామని వస్తి గదప్పా," అని గొణుక్కుంటూనే సోమక్క మెట్లెక్కింది. పల్లవి అందరికీ నీళ్లు పోసి పృథ్వీ పక్కన కూర్చుంది. అతను బరిణె మూత తీసి, తల ఎత్తకుండా అన్నాడు.

"ఆ అట్ట నాదే సోమక్కా."

"ఇంగెవురిదప్పా? ఆపొద్దు నీ మొగం జూస్తేనే తెల్సె. మింగు తొందరగా. నాకు పెనుకొండ బస్సు పోతుంది."