ముందే రాసిన ఖైరియత్

ఫోను మోగితే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. పక్కింట్లో మోగినా అంతే. మా వాళ్లు ముసలితనం అనుకుంటారు. అనుకోనిచ్చాను, నిజం చెప్పడం కంటే అది తేలిక కదా. ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చున్నది ముసలితనం కాదు, ఒక్క మాట. ఖైరియత్. అంతా క్షేమం అని దానర్థం. ఆ మాట నేను అబద్ధంగా రాశాను. దానివల్ల ఒక మనిషి పోయాడు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పోలీసు చర్య రోజుల్లో నేను సికింద్రాబాదులో ఒక ఠాణాలో టెలిఫోను గుమాస్తాని. ఏ ఠాణా అని అడగకండి. ఫోను వస్తే తీయాలి. ఎవరు, ఎక్కడినుంచి, ఏం జరిగింది అని రోజ్‌నామ్చాలో, అంటే ఠాణా దినచర్య పుస్తకంలో, ఉర్దూలో రాసి, ఆ వరసకు నంబరు వేయాలి. ఆ నంబరు చెబితేనే జమేదారు జవాన్లను లారీ ఎక్కిస్తాడు. ఏ ఫోనూ రాకపోతే గంటగంటకూ ఒక నంబరు వేసి ఖైరియత్ అని రాయాలి. అదీ పని.

మేం చేసేది వేరు. డ్యూటీ ఎక్కగానే సాయంత్రం వరకూ ఉన్న గంటలన్నిటికీ ఖైరియత్ రాసి పడేసి, చాయ్ తెప్పించుకునేవాళ్లం. నాకు పని నేర్పినాయన మొదటి రోజు నేర్పింది ఇదే. నా దస్తూరీ బాగుంటుందని పేరు, కాబట్టి నా ఖైరియత్‌లు ఇంకా ముచ్చటగా ఉండేవి. మధ్యలో ఫోను వస్తే ఒక వరస గోకేసి దాని మీద రాసేవాళ్లం. అడిగేవాడు లేడు.

తర్వాత నిజాం ప్రభుత్వం లొంగిపోయింది, ఠాణాకు కొత్త అధికారి వచ్చాడు. గోకిన వరస కనిపిస్తే పాత పాపాలు దాస్తున్నట్టే లెక్క అన్నాడు. ఊరికే అనలేదు. నాతో పనిచేసే గుమాస్తాని అలాంటి గోకుడు ఒకటి చూపించి లోపలికి పిలిచారు, అటునుంచి అటే పంపించేశారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. అతని టిఫిను డబ్బా నా బల్ల మీదే ఉండిపోయింది. నేను దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకుంటే నన్నూ అతని మనిషి అనుకుంటారేమోనని.

మరి అంత భయపడినవాణ్ణి ఆ రోజు మళ్లీ ముందే ఎందుకు రాశాను? అలవాటు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. తలెత్తి చూసుకునేసరికి పేజీ సాయంత్రం దాకా నిండిపోయి ఉంది. ఈ ఒక్క రోజు ఫోను రానీయకు ప్రభువా అని ప్రార్థన చేసుకున్నాను. పోలీసు ఠాణాలో కూర్చుని చేయదగ్గ ప్రార్థనేనా అది?

మధ్యాహ్నం ఫోను మోగింది.

మాట్లాడింది సత్తెమ్మ అనే ఆవిడ. మౌలాలి రైల్వే కాలనీలో ఒక డాక్టరుగారింట్లో వంట చేస్తుందట, డాక్టరు ఊళ్లో లేడట. వెనక వరసలో ఉండే ఖాదర్ సాబ్ అనే ఫిట్టర్ కోసం వీధి మూల మీద మంది పోగయ్యారని, చేతుల్లో కర్రలున్నాయని చెప్పింది. రజాకార్ల మీది కోపాన్ని చాలామంది దొరికిన ముసల్మానుల మీద తీర్చుకుంటున్న రోజులవి. ఆయన ఏ రజాకార్లలోనూ లేడని, ఆయన పిల్లలు తన చేతుల్లో పెరిగారని గబగబా చెప్పుకుపోయింది.

“ఆయన్ని డాక్టర్ సాబ్ వంటింట్ల దాయాల్నా, లేకుంటే మీరే వస్తరా? జెర జల్దీ చెప్పుండ్రి సారూ.”

నేను పేజీ వంక చూశాను. గోకితే గోకుడు కనిపిస్తుంది. కింద రాస్తే, మధ్యాహ్నం ఫోను సాయంత్రం ఖైరియత్ కిందికి ఎలా వచ్చిందని అడుగుతారు. టిఫిను డబ్బా బల్ల మీదే ఉంది.

“వస్తున్నరు,” అన్నాను.

“పక్కానా సారూ?”

“పక్కా. ఆయన్ని ఇంట్లనే ఉండమను. యాడికీ కదలొద్దను.”

ఫోను పెట్టేశాను. జమేదారు వరండాలోనే ఉన్నాడు. అతనికి చెప్పలేదు.

పంపకపోవడం ఒక తప్పు. పంపలేనని చెప్పి ఉంటే ఆమె దాచేది. వంటింట్లో, బియ్యం డ్రమ్ముల వెనకాల, ఎక్కడో ఒక చోట దాచేది. కదలొద్దన్నది నేను. ఎందుకన్నాను? ఆమెను బతిమాలనివ్వకుండా ఫోను పెట్టించడానికి. ఈ జవాబు దాకా రావడానికి నాకు ఏళ్లు పట్టింది. అంతకుముందు ఎవరో ఒకరు వెళ్తారులే అనుకున్నానని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

మర్నాడు సత్తెమ్మ ఠాణాకు వచ్చింది. ఖాదర్ సాబ్‌ను ఇంట్లోంచి లాక్కుపోయారు. చెప్పిన మాట విని కదలకుండా కూర్చున్న మనిషిని, తలుపు పగలగొట్టి. మళ్లీ కనిపించలేదు. ఆయన భార్య గేటు దగ్గర నిలబడి ఉంది, లోపలికి రాలేదు. అధికారి రోజ్‌నామ్చా తెప్పించుకుని, చదివించుకుని, నిన్న ఏ ఫోనూ రాలేదని సత్తెమ్మతో అన్నాడు.

“చేసిన సారూ. ఒగాయన వస్తున్నరని చెప్పిండు. గొంతు వింటే గుర్తుపడ్త,” అంది.

ఫోను వచ్చిందా అని అధికారి నన్ను అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. నోరు తెరవలేదు. ఆమె నా నోటివంకే చూస్తూ నిలబడింది. దగ్గు వస్తే మింగాను. ఆమె వెళ్లాక అధికారి ఆ పేజీని మిగతావాళ్లకు చూపించి, రాస్తే ఇలా రాయాలి, ఒక్క కొట్టివేత లేదు అన్నాడు.

తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. భయం మానలేదు. సీతాఫల్‌మండిలో కూరలు కొనేటప్పుడు సైగలతో బేరం చేసేవాణ్ణి, అక్కడెక్కడో ఆమె ఉంటుందేమోనని. చర్చిలో పాటల బృందంలో పాడేవాణ్ణి, అదీ వదిలేశాను. ఆదివారాలు అందరితో కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన మాత్రం చదివేవాణ్ణి. అంతమందిలో నా గొంతు ఎవరికీ వినపడదు.

ఇదంతా రాశాక తలుపు గడియ తీసి, కిటికీ తెరిచి, పైకి చదివాను. ఆమె ఫోను చేసింది. తీసింది నేను. వస్తున్నరని చెప్పింది నేను. వీధిలో పోయేవాళ్లు ఎవరైనా విన్నారో లేదో తెలియదు. గొంతు మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది, ముసలిదైపోయింది కూడా. అయినా సత్తెమ్మ విని ఉంటే గుర్తుపట్టేది.