చొక్కాకు చీవాట్లు

లియోకాదియాకు బట్టలను తిట్టే జబ్బు ఉంది. మనుషులను కాదు, బట్టలనే. పెరేరా ఊళ్లో, కొండ మీది మా వీధికి వచ్చి ముప్పై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కుతోంది. ఆమె నోట తిట్లు తినని లంగా గానీ, ప్యాంటు గానీ మా కొండ మీద లేదు.

మా కొండ మీది ఆడవాళ్లలో సగం మంది పొట్టివాళ్లం, ఒంపులకు లోటు లేనివాళ్లం. నేనూ అంతే, దాచడానికేముంది? దుకాణాల్లో దొరికేవి మాత్రం కరెంటు స్తంభాల కొలతలకు కుట్టినట్టుంటాయి.

ఒక ఆదివారం చర్చిలో, ప్రార్థన మధ్యలో, వెనక బెంచీ నుంచి లియోకాదియా నా వీపు మీద ఫెళ్లున చరిచింది.

"సిగ్గులేదుటే? ఇంత చక్కని నడుముంటే గుడారం వేసి దాస్తావా?"

పాదిరీగారు ఆగిపోయారు.

"నన్నేనా?" అన్నాను.

"నిన్నెందుకంటాను ఒతీలియా వదినా! నీ జాకెట్టుని."

బయటికి వచ్చేటప్పుడు, నేల ఊడుస్తోందని పాదిరీగారి అంగీని కూడా నాలుగు దులిపింది. ఆయన ఇప్పటికీ ఆమె కనబడితే అంగీ ఎత్తి పట్టుకుని నడుస్తారు.

ఇక నా మనవరాలు నొరేలి సంగతి. పందొమ్మిదేళ్ల పిల్ల. పాత కొలువులో ఎవడో 'పీపా' అన్నాడట. అప్పటి నుంచి వాళ్లన్న ఫుట్‌బాల్ చొక్కాల్లో, మోకాళ్ల దాకా మునిగి బతుకుతోంది. సోమవారం రొట్టెల దుకాణంలో కౌంటర్ పని మొదలు. వెళ్లకపోతే వేరే పిల్లకిచ్చేస్తారు.

"నేను వెళ్లను అమ్మమ్మా. అందరూ నన్నే చూస్తారు."

"తిండి తగ్గించవే అని పది రోజులుగా మొత్తుకుంటున్నానా!" అన్నాను. ఆ చొక్కా మీద ఇంకో చొక్కా తొడుక్కుంది.

శనివారం రెక్క పట్టుకుని లియోకాదియా దగ్గరికి ఈడ్చుకెళ్లాను. ఆమె పిల్ల మొహం చూడనే లేదు. చొక్కా అంచు పట్టుకుని మొదలుపెట్టింది.

"ఏరా! పదకొండు మంది ఆడే ఆటకు పుట్టినవాడివి, ఒంటరి ఆడపిల్లని పట్టుకుని ఊపిరాడకుండా చేస్తావా?"

నొరేలి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో!

కత్తెర ఆడింది. చొక్కా తుంటి దగ్గరికి తెగింది, నడుం దగ్గర లోపలికి వచ్చింది, మెడ కోసుగా దిగింది. ప్యాంటు నడుం పైకెక్కింది, కాళ్లు చీలమండ దగ్గర ఆగాయి. అద్దంలో చూస్తే పిల్ల అంగుళమైనా పెరగలేదు గానీ, అంత పొడుగు కాళ్లు ఇన్నాళ్లూ ఎక్కడ దాచిందో!

"గుడ్డకు చెవులుంటాయిటే, పిచ్చిదానా?" అన్నాను లియోకాదియాతో, పిల్ల లోపలికి వెళ్లాక.

"గుడ్డకి లేవు. లోపలున్న పిల్లకి ఉన్నాయి. దాని మీద పడే తిట్లు దాని బదులు ఎవరో ఒకరు మొయ్యాలి కదా వదినా?" అని నా వంక చూసింది.

మిషను మీది సుద్దముక్క తీసి అటూ ఇటూ తిప్పాను.

సోమవారం ఉదయమే లియోకాదియా, నేనూ రొట్టెల వంకతో దుకాణానికి వెళ్లాం. యజమాని నొరేలికి ఏప్రన్ ఇచ్చాడు. అది పాదాల దాకా జారింది.

"నీ పొడుగుకి సరిపోయేది లేదమ్మాయ్," అన్నాడు. బేరానికొచ్చిన వాళ్లంతా చూస్తున్నారు.

నొరేలి ఏప్రన్ వంక కోపంగా చూసింది. "ఏంటలా పాకుతున్నావు? లే పైకి!" అని నడుం దగ్గర రెండు మడతలు పెట్టి బిగించి కట్టింది.

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?"

"ఏప్రన్‌తోనండీ. దానికి కొత్త. నేర్చుకుంటుంది."

దుకాణమంతా ఘొల్లుమంది. తనూ నాలుగు అంటించాలని లియోకాదియా అప్పుడే నోరు తెరిచింది. మోచెయ్యి పట్టుకుని వరుసలోకి లాగాను. మా ముందు ఏడుగురున్నారు, రొట్టెలేమో అప్పుడే పొయ్యిలోంచి దిగాయి.