ఎర్ర కార్డు డబ్బాలు

2023 వానాకాలం. శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన వరసగా కనిపించే పరిశోధన సంస్థల్లో ఒకదానిలో నేను యానిమల్ హౌస్ బాధ్యత చూస్తున్నాను. యానిమల్ హౌస్ అంటే ప్రయోగాలకు కావలసిన ఎలుకల్ని పెంచే చోటు. నేను చదివింది పశువైద్యం. పెళ్లిళ్లలో ఎవరికైనా ఆ సంగతి తెలిస్తే ముందు వాళ్ల బర్రె పాలు తగ్గిన ముచ్చట మొదలుపెడతారు. నేను చూసేది ఎలుకల్ని అనగానే కుర్చీ కాస్త అవతలికి జరుపుకుంటారు. నాకూ అలవాటైపోయింది. భోజనాల దగ్గర పక్కన చోటు ఎప్పుడూ ధారాళంగా దొరుకుతుంది.

మా దగ్గర కట్టుబాట్లు ఎక్కువ. స్నానం చేసి బట్టలు మార్చుకుంటే గానీ లోపలికి పోకూడదు, బయటికి రాకూడదు. ఎలుకలుండే ప్లాస్టిక్ పెట్టెను మేం కేజ్ అంటాం. అడుగున మొక్కజొన్న కండెల పొడి పరుస్తాం, ముందు ఒక కార్డు తగిలిస్తాం. ఆ రోజుల్లో జరుగుతున్న స్టడీలో ఎర్ర కార్డున్న కేజ్‌లలో చూడి ఎలుకలకు డెక్సా అనే మందు ఇచ్చేవాళ్లం. పచ్చ కార్డువాటికి ఉత్త ఉప్పునీళ్ల సూది. పచ్చవాటిని కంట్రోల్ గ్రూప్ అంటారు, అంటే మందు పడనివి ఎలా ఉంటాయో పోల్చి చూడటానికి ఉంచే జట్టు.

ఆ స్టడీ దేని గురించో కొంచెం చెప్పాలి. కడుపులో ఉన్నంతకాలం పిల్లకు చక్కెర తల్లి రక్తం నుంచి బొడ్డుతాడు గుండా అందుతుంది. బొడ్డు తెగిన దగ్గర నుంచి దాని కాలేయమే చక్కెర తయారుచేసుకోవాలి. దానికి ఎంజైములు కావాలి. శరీరంలో పనులు జరిపించే ప్రోటీన్లు అవి. అందులో చాలావి చివరి రోజుల దాకా పిల్ల కాలేయంలో ఉండవు, ఉన్నా పేరుకే ఉంటాయి. నెలలు నిండే వేళకు పిల్ల మూత్రపిండాల మీది గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును వదులుతాయి. అది కాలేయాన్నీ పేగునీ ఊపిరితిత్తుల్నీ నిద్రలేపి పనిలో పెడుతుంది. అంతకంటే ముందే పుట్టిన పిల్ల పరిస్థితి కరెంటు మీటరు బిగించకముందే గృహప్రవేశం చేసిన ఫ్లాటులా ఉంటుంది. మా మేడ్చల్ వైపు ఇది చాలామందికి అనుభవమే. డెక్సా ఆ కార్టిసాల్‌కు దగ్గరి చుట్టం. తల్లికి ఇస్తే పిల్లకు చేరి ఆ లేపే పనిని ముందే మొదలుపెడుతుంది.

ఎంత మొదలైందో తెలియాలంటే కాలేయం తీసి కొలవాలి. అందుకని పుట్టకముందే పిల్లల్ని తీసేస్తాం. ఆ స్టడీలో తల్లి కూడా మిగలదు. ఈ పని నేనే అడిగి తీసుకున్నాను. దానికి ఒక కారణం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

యాదమ్మది మా దగ్గర కేజ్‌లు కడిగే పని. శామీర్‌పేట పక్క ఊరు, నా ఈడుదే. ఖాళీ అయి వచ్చిన కేజ్‌ల నుంచి కార్డులు ఊడదీస్తుంది, కడుగుతుంది, ఆవిరి యంత్రంలో పెడుతుంది, కొత్త పొడి పరుస్తుంది. పిల్లల్ని పెంచే గదిలో గులాబీ రంగు ఎలుకపిల్లలు తల్లి కింద పాలు తాగుతుంటే మాత్రం పని ఆపి చూస్తూ నిలబడేది. ఆమెను కదిలించగలిగింది సాయంత్రం బస్సు ఒక్కటే. ఆ బస్సు కోసం మాట మధ్యలో వదిలేసి పరుగెత్తేది. ఒకసారి నేను జీతం పెరిగిన సంగతి చెబుతుంటే కూడా వినకుండా పోయింది.

ఒకరోజు యాదమ్మ రాలేదు. మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"మేడం, స్వప్నకు నొప్పులొస్తున్నయ్. మేడ్చల్ దవాఖానల ఉన్నం. ఏడో నెలనే. నాల్గు దినాలు రాను."

స్వప్న ఆమె ఒక్కతే కూతురు. సూరారంలో ఉంటుంది, అల్లుడు అక్కడే ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. డాక్టర్ ఏమన్నారని అడిగాను.

"నొప్పులు ఆగనీకి మందిచ్చిన్రు. ఇంకో సూది అన్నరు, లోపలి పిల్లకు మంచిదని. పేరడిగిన. గా డెక్సానే మేడం. నేను వద్దన్న. మనకెర్కే గద, ఎర్ర కార్డు డబ్బాలు ఎట్లొస్తయో."

యాదమ్మ మందులు పరీక్షించే చోట పనిచేస్తుందని ఆ ఇంట్లో అందరికీ గౌరవం. జ్వరమొచ్చినా దగ్గొచ్చినా ఆమెనే అడుగుతారు. ఆమె వద్దంటే వాళ్లెవరూ ఒప్పుకోరు. ఆ సూది పడ్డాక పిల్ల లోపల ఒక రోజైనా ఉంటేనే బాగా పనిచేస్తుంది. నొప్పులు ఎంతసేపు ఆగుతాయో ఎవరికీ తెలియదు.

"నేనొస్తున్న యాదమ్మా. నువ్వు ఆడనే ఉండు," అన్నాను.

వానలో మేడ్చల్ చేరేసరికి ఆసుపత్రిలో డాక్టర్ విసిగిపోయి ఉంది. చిన్నమ్మాయి. నేనెవరో చెప్పగానే తన గది బయటే నన్ను ఆపింది.

"ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో మేడం. మందు మంచిదే అంటాను, ఆమె ఎలుకలు చచ్చిపోయినయ్ అంటది. నేను చదువుకున్నది ఆమె ముందర పనికొస్తలేదు."

"నేను మనుషుల డాక్టర్ని కాదు. నాకు తెలిసింది చెబుతాను. ఆ పైన మీ ఇష్టం, ఆ అమ్మాయి ఇష్టం," అన్నాను.

స్వప్న ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన అల్లుడు నరేశ్, కాళ్ల దగ్గర యాదమ్మ. నన్ను చూడగానే యాదమ్మ మొహం తేటపడింది. తన మాటకు సాక్షి వచ్చిందనుకుంది.

"మేడం, మీరే జెప్పుండ్రి. ఎర్ర కార్డు డబ్బాలకెల్లి ఒక్కటన్న పానంతోని తిరిగొచ్చిందా?"

"రాలే."

నరేశ్ తల వంచుకున్నాడు. స్వప్న చెయ్యి కడుపు మీదికి పోయింది.

"పచ్చ కార్డువి వచ్చినయా?" అని నేనడిగాను.

యాదమ్మ ఆలోచించింది. "అవ్వి గూడ రాలే. వాటికి గూడ ఏదో ఏసిన్రనుకున్న."

"వాటికేసింది ఉప్పునీళ్లు. స్వప్న చేతికి ఎక్కుతున్న సెలైన్ అసొంటిదే. సూది చంపలే యాదమ్మా. ఎర్రవాటిని, పచ్చవాటిని మేమే చంపినం. లోపల కాలేయం ఎట్ల తయారైందో చూడాలె కాబట్టి. సూది పడ్డ పిల్లలదే బాగ తయారైంది. ఊపిరితిత్తుల్ని గూడ ఆ మందే తయారుజేస్తది."

ప్రయోగం చేసే గదిలోకి యాదమ్మకు ప్రవేశం లేదు. ఆమెకు కనిపించేది నిండుగా పోయిన కేజ్, ఖాళీగా వచ్చిన కేజ్. మధ్యలో ఏం జరిగిందో మాలో ఎవరం చెప్పలేదు, చెప్పాలని తోచలేదు. ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"సరే, మీరే చంపిన్రు," అంది చివరికి. "మరి సూది వడ్డంక బతికింది ఒక్కదాన్నన్న జూసిన్రా? చదివింది గాదు మేడం. మీ కండ్లతోని."

డాక్టర్ ఏదో అనబోయింది. ఆమె చూసే ఉంటుంది, చాలామంది పిల్లల్ని. కానీ యాదమ్మ అడిగింది నన్ను. ఆమెకు నమ్మకం నా మీద. ఇన్నేళ్లలో ఆ సూది పడ్డ ఒక్క పిల్లనైనా పుట్టనిచ్చి, పాలు తాగనిచ్చి, కళ్లు తెరవనిచ్చి చూశానా అంటే, లేదు. మా పనికి అంతవరకు అవసరం పడలేదు.

"చూడలే," అన్నాను. "సూది పడనోన్ని చూసిన."

మంచం పక్కనే నిలబడి చెప్పాను. మా అమ్మకు తప్ప ఎవరికీ వరసగా చెప్పని సంగతి అది.

"నాకు బాబు పుట్టిండు యాదమ్మా. ఏడో నెలల్నే. అప్పుడు పేట్ బషీరాబాద్‌ల కిరాయికుంటిమి. దవాఖానకు పోయిన్నో లేదో పుట్టిండు. సూది ఏసే టైమే లేకుండె. మంచిగున్నడు చూడనీకి, చేతులు కాళ్లు అన్నీ ఉన్నయ్. ఊపిరి తీస్కునేటందుకు పక్కటెముకలు లోపలికి పోతుండె. తెల్లారేదాంక లేడు."

యాదమ్మ లేచి నిలబడింది. ఇన్నేళ్లు నా పిల్లల గురించి ఆమె ఎప్పుడూ అడగలేదు. లేరని తెలుసు, అంతే. నా దగ్గరికి రాబోయి ఆగిపోయింది.

"అమ్మా," అంది స్వప్న మంచం మీద నుంచి. "నేను ఏపిచ్చుకుంట."

నర్సు సూది తెచ్చేసరికి యాదమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. స్వప్న మాత్రం నన్నే చూస్తూ ఉంది. సూది దిగాక కూడా చూపు తిప్పలేదు.

నా బాబును నేను ఎత్తుకోలేదు. పుట్టగానే వెచ్చటి అద్దాల పెట్టెలో పెట్టారు, ఆ తర్వాత నా ఒళ్లో పెట్టడానికి పెద్దవాళ్లు ఒప్పుకోలేదు, బాధ ఎక్కువవుతుందన్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ వాడి బరువు ఎంతో నా చేతులకు తెలియకుండా పోయింది. వాణ్ని తలుచుకున్నప్పుడల్లా ముందు కళ్లు తడవవు, చేతులు వెలితిగా అనిపిస్తాయి. తర్వాత మాకు పిల్లలు పుట్టలేదు. ఈ స్టడీ వచ్చినప్పుడు అడిగి తీసుకున్నది అందుకే. వాడికి ఏది తక్కువైందో ఆ వస్తువు పేరైనా తెలుసుకోవాలనిపించింది. పేర్లు తెలిశాయి. వాటిని కొలవడమూ వచ్చింది. ఎత్తుకోవాలన్న ఆశ మాత్రం ఉన్నచోటే ఉంది.

రెండు రోజుల్లో పడాల్సిన ఆ సూదులన్నీ పూర్తయ్యాక నొప్పులు మళ్లీ వచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. దోసిట్లో పట్టేంత ఉంది. ముక్కుకు గొట్టం పెట్టి, వెచ్చటి పెట్టెలో ఉంచారు. ఆ సూదే బతికించిందని నేననను. యంత్రం ఉంది, కంటికి రెప్పలా కాచిన నర్సులున్నారు, గొట్టంలో పోసిన తల్లిపాలున్నాయి. ఒక పాపకు కంట్రోల్ గ్రూప్ ఉండదు. ఊపిరి అందుకోవడానికి అనుకున్నంత కష్టపడలేదని డాక్టర్ చెప్పినప్పుడు మాత్రం నేను మెట్ల దగ్గరికి పోయి కాసేపు కూర్చున్నాను.

పనయ్యాక అప్పుడప్పుడు వెళ్లేదాన్ని. స్వప్న అద్దం బయట నిలబడి ఉండేది. ఎత్తుకోవడానికి ఇంకా వీల్లేదు. పాలు పిండి గిన్నెలో ఇచ్చి వచ్చి మళ్లీ అద్దం దగ్గరే నిలబడేది.

"నా వాసన మర్శిపోతదా మేడం?" అని అడిగింది ఒకసారి.

"మర్చిపోదమ్మా. ఎలుకపిల్లలు కండ్లు తెరవకముందే తల్లిని వాసనతోనే..."

"ఇగ ఎలుకల ముచ్చట సాలు మేడం," అంది పక్కనున్న యాదమ్మ. స్వప్న నవ్వింది. బిడ్డ పుట్టాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. నేనూ ఆ అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డాను. పెట్టెలో చిన్న చెయ్యి ఒకటి గాలిలో ఏదో వెతుక్కుంటోంది. లోపలికి పోయి ఆ చేతికి నా వేలు అందించాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. తల్లికే దక్కని భాగ్యం నేనెలా అడుగుతాను?

తర్వాతి స్టడీకి ముందు, ప్రయోగాలకు అనుమతినిచ్చే కమిటీని ఒక కోరిక కోరాను. డెక్సా ఇచ్చిన చూడి ఎలుకల్లో ఒకదాన్ని ఈననివ్వాలి, పిల్లలు పాలు మానేదాకా ఉంచి చూడాలి. శాస్త్రం ప్రకారం ఏం లాభమని ఒకాయన అడిగారు. బతుకుతాయో లేదో కళ్లతో చూసినట్టవుతుందన్నాను. ఆయన కాగితం మీద సంతకం పెట్టారు. ఈనిన మర్నాడు యాదమ్మను ఆ గదికి పంపించాను. ఎర్ర కార్డు కింద పిల్లలన్నీ తల్లిని అంటుకుని పాలు తాగుతున్నాయి. ఎంతసేపటికీ రాకపోతే వెళ్లి చూశాను. కేజ్ ముందు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్లల్ని తర్వాత కొత్తగా చేరినవాళ్లకు ఎలుకను పట్టుకోవడం నేర్పడానికి ఉంచుకున్నాం.

ఈ కేసు నుంచి నేర్చుకున్నది చిన్న సంగతే. రంగు కార్డులు మేం పెట్టుకున్న గుర్తులు. కడిగే మనిషి వాటిని చూసి ఏమనుకుంటుందో మేం ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఏ స్టడీ మొదలైనా ముందు కేజ్‌లు కడిగేవాళ్లతో కూర్చుంటాను. వీటికి ఏమిస్తున్నాం, ఎందుకిస్తున్నాం, చివరికి ఎవరు చంపుతారు, అన్నీ చెబుతాను. చివరి మాట చెప్పడం ఎప్పుడూ కష్టమే.

ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం స్వప్న పాపతో మా గేటు దగ్గరికి వచ్చింది. అప్పుడే పని దిగిన యాదమ్మ సంచి భుజాన వేసుకుని వాళ్ల పక్కనే ఉంది. పాపకు బుగ్గలొచ్చాయి, కాటుక చుక్క పెట్టారు. లోపలికి తేవడానికి వీల్లేదు. నేను స్నానం చేసి, బట్టలు మార్చుకుని, చేతులు మళ్లీ ఒకసారి కడుక్కుని బయటికి వచ్చాను. స్వప్న పాపను నా చేతుల్లో పెట్టింది. బరువుగా ఉంది. వెచ్చగా ఉంది. నా మెడ దగ్గర ముక్కు పెట్టి ఊపిరి తీసుకుంటోంది. ఆ ఊపిరి నాకు వినిపిస్తోంది.

రోడ్డు మలుపులో బస్సు కనిపించింది. నేను పాపను ఇవ్వబోయాను, చేతులు రాలేదు. యాదమ్మ ఒకసారి బస్సు వంక, ఒకసారి నా వంక చూసింది. సంచి తీసి కాళ్ల దగ్గర పెట్టింది. బస్సు ఆగింది, యాదమ్మ కదలకపోవడం చూసి కండక్టర్ కేక వేశాడు.

"పోనీయ్, ఇంకోటొస్తది," అంది యాదమ్మ అతనితో.