అచ్చిబాబు కోసిన వల

అచ్చిబాబు మెత్తని మనిషే, కానీ ఉడుంపట్టు. కాకినాడ పక్క పల్లె నుంచి వచ్చి, అరబ్బుల దేశంలో బుసైతీన్ అనే ఊళ్లో, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ యూసుఫ్ పడవ మీద నాలుగేళ్లుగా వేటకెళ్తున్నాడు. ఊరు వదిలాడు గానీ ఇంటి ఆచారం వదల్లేదు. చేప పడితే మనది, పిల్లకి పాలిచ్చేది పడితే వల కోసి వదిలెయ్యాలి. అది వాళ్లమ్మ మాట.

తొంభై నాలుగులో ఒక పొద్దున అదే పడింది. బూడిదరంగు ఒళ్లు, గుండ్రటి తల, వీపు మీద రెక్క లేని చిన్న డాల్ఫిన్ లాంటి జీవి. పక్కనే దాని పిల్ల గిరగిరా తిరుగుతోంది.

"అబ్బ, మంచి కండరా! సొర గేలాలకి వారం ఎర," అన్నాడు అదే పడవలో పనిచేసే, అతని ఊరివాడే అయిన అప్పాజీ.

చుక్కాని దగ్గర్నుంచి యూసుఫ్ సగం అరబ్బీ, సగం హిందీలో కేకేశాడు. వల కొత్తది, కొయ్యొద్దు, నెమ్మదిగా విప్పమన్నాడు.

విప్పుతూ కూర్చుంటే ఆ తల్లి ఊపిరాడక చస్తుంది. నీళ్లలో బతికినా దానికి గాలి కావాలి పాపం. కోస్తే ఉద్యోగం పోతుంది. ఊళ్లో పెళ్లాం సత్యదుర్గా, ఇద్దరు పిల్లలూ బతికేది ఈ డ్యూటీ మీదే. అన్నీ తెలిసే కోశాడు మహానుభావుడు! అది బుస్సుమని గాలి వదిలి, పిల్లతో సహా మాయమైంది.

"ఖలాస్! రేపే నిన్ను పంపించేస్తా!" అని యూసుఫ్ మండిపడ్డాడు.

ఒడ్డుకొచ్చాక అప్పాజీ నెత్తి కొట్టుకున్నాడు. "నీ పెళ్లాంబిడ్డల కంటే అదెక్కువైందేంట్రా? పోయి పెట్టె సర్దుకో!"

"పెట్టెకేం తొందర. కోసింది నేను, కుట్టి పోవాల్సింది కూడా నేనే కదేంట్రా," అని అచ్చిబాబు ఎండలోనే వల ముందేసుకున్నాడు. వల కన్నుకి కన్ను కలుపుతుంటే పిల్లలు గుర్తొచ్చి రెండుసార్లు ముడి తప్పింది. కళ్లు తుడుచుకుని మళ్లీ వేశాడు.

సాయంత్రం నమాజు అయ్యాక యూసుఫ్ వచ్చి వల తడిమాడు. ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లాడు, మళ్లీ వెనక్కొచ్చాడు. కోసిన చోటు దొరకలేదు.

"మళ్లీ పడితే ఏం చేస్తావ్?"

అచ్చిబాబు తల దించుకున్నాడు. "మళ్లీ కోస్తాను బాబా."

యూసుఫ్ వల మడిచి పడవలో వేశాడు.

"రేపు తెల్లారి నాలుగింటికి డ్యూటీ. నీ కత్తి మొద్దుది, ఇవాళ చాలాసేపు పట్టింది. పదును పెట్టుకుని రా."