ఫోటో వద్దన్న ఆంటీ

ఆంటీ పోయారు. ఆఫీసులో టీ కలుపుకుంటుంటే అంకుల్ ఫోన్ చేశారు. ఆయన ఫోన్ చేయడమే ఒక వింత. ఆ ఇంట్లో ఫోన్లన్నీ ఆవిడవే. "మీ ఆంటీ పోయిందమ్మా. పొద్దున, హాస్పిటల్లో, నిద్దర్లోనే," అన్నారు. ఆయనే మళ్లీ, "అందరికీ నువ్వే చెప్పాల. ఎట్ల చెప్పాల్నో నీకే తెలుసు కదా," అన్నారు.

అవును, ఎలా చెప్పాలన్నదే ఆవిడ జీవితమంతా. ఆవిడ మనుషులు ఆఫ్రికాలో ఎన్నో దేశాల్లో ఉన్నారు. కొందరికి మామూలు మెసేజ్ పెట్టకూడదు. కొందరికి వేరొకరి ద్వారా చెప్పించాలి. షెఫీల్డ్‌లో కొండ మీద గోడలు కలిసిన వరస ఇళ్లలో ఒక పాత ఇల్లు, అందులో ఇరుకు వంటగది. అక్కడ కూర్చుని, ఆ దేశాల్లోని ఆడపిల్లలకీ, టీచర్లకీ, విలేకరులకీ ఇంటర్నెట్‌లో ప్రాణం మీదికి తెచ్చుకోకుండా ఎలా మసలాలో, అలాగని నోరు మూసుకోకుండా ఎలా మాట్లాడాలో నేర్పిన మనిషి ఆవిడ. ఇంగ్లండులోని మన తెలుగువాళ్లకు మాత్రం ఆవిడ ఉత్త 'ఫోటో ఆంటీ'. ఆ పేరు ఎందుకొచ్చిందో ఇన్నాళ్లూ చెప్పడానికి వీల్లేకపోయింది. ఇప్పుడు చెప్పొచ్చని, చెప్పాల్సినవాళ్లే చెప్పారు. అందుకే రాస్తున్నాను.

ఆవిడ పేరు రాయను. రాస్తే ఎక్కడున్నా ఊరుకోరు. అసలు ఆ ఇల్లే పేర్లు పలకని ఇల్లు. ఫోన్‌లో మాట్లాడేవాళ్లంతా పెద్దపాప, చిన్నపాప, టీచరమ్మ, మీసాలాయన, రేడియో పాప. ఏ దేశమో కూడా చెప్పేవారు కాదు. అనంతపురంలో వాళ్లమ్మ జన్మలో మొగుడి పేరు నోటితో అనలేదట. రేషన్ షాపులో అడిగితే పక్కనున్న పిల్లల చేత చెప్పించేదట. "మా అమ్మ సిగ్గుకు చేసింది మే, నేను పనికి చేస్తాండా," అనేవారు ఆంటీ. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా, చెప్పిన ప్రతిసారీ ఆవిడే ముందు నవ్వేవారు.

నేను 2009లో మాస్టర్స్ చేయడానికి వచ్చి వాళ్ల మేడ మీద గదిలో అద్దెకు దిగాను. మాది తెనాలి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో మా చుట్టాలంతా బారుగా నిలబడి, నా చేతిలో పాస్‌పోర్టూ బోర్డింగ్ పాసూ పేకముక్కల్లా విప్పి పట్టించి తీసిన ఫోటో ఒకటి ఉండేది. మనలో ఎవరింట్లో లేదు చెప్పండి ఆ ఫోటో! దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టి మురిసిపోతున్నాను. వచ్చిన వారానికి ఆంటీ నన్ను వంటగదిలోకి పిలిచి, లాప్‌టాప్‌లో ఆ ఫోటోను పెద్దది చేసి, నా పాస్‌పోర్ట్ నంబరు, పుట్టినరోజు, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పద్యం అప్పగించినట్టు చదివి వినిపించారు.

"జాతకం మొత్తం ఊరికి పంచిపెట్టినావు కదే. పెళ్లిచూపులా ఏమన్నా?" అన్నారు.

నేను కంప్యూటర్లు చదవడానికి వచ్చానన్న సంగతి ఆ పూట ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ కంప్యూటర్ల మనిషేమీ కాదు. లెక్కల టీచరు. పెళ్లైన కొత్తలోనే ఇద్దరూ తూర్పు ఆఫ్రికాకు టీచర్లుగా వెళ్లి, సగం జీవితం అక్కడి ఆడపిల్లల బడిలో గడిపి, రిటైరయ్యాక ఇక్కడికి వచ్చారు. ఒకరోజు పాత విద్యార్థిని ఒకామె ఏడుస్తూ ఫోన్ చేసింది. ఎవడో ఆమె ఫోటోలు దొంగిలించి, అడిగింది చేయకపోతే ఊరంతా పంచుతానంటున్నాడు. ఏం చేయాలో ఆంటీకి తెలియలేదు. తెలియదని ఊరుకునే రకం కాదు. లైబ్రరీలో క్లాసులకు వెళ్లారు, యూనివర్సిటీలో ఈ పని తెలిసినవాళ్ల వెంటపడ్డారు, వాళ్లు విసుక్కుంటే వడలు చేసి పట్టుకెళ్లారు. ఆ పిల్ల గండం గట్టెక్కింది. ఆ పిల్ల ఇంకొకరికి చెప్పింది, వాళ్లు మరొకరికి. నేను వచ్చేసరికి ఆ వంటగది ఒక బడి. ఒక పక్క కుక్కర్ కూస్తుంటే, ఇంకో పక్క హెడ్‌ఫోన్ పెట్టుకుని అనంతపురం యాసలో స్వాహిలీ మాట్లాడుతూ, ఎక్కడో ఉన్న టీచర్లకు ఫోన్‌కు తాళం ఎలా వేయాలో, బెదిరింపు వస్తే దాన్ని చెరిపేయకుండా ఎలా దాచాలో, ఎవరికి ఫిర్యాదు చేయాలో చెబుతుండేవారు. చెప్పిందే చెప్పేవారు. గొంతు పెంచడం నేను వినలేదు.

ఒక్కసారి మాత్రం విన్నాను. ఎవరో హెడ్మాస్టరు, ఇన్ని గొడవలెందుకు, ఆడపిల్లలను అసలు ఇంటర్నెట్ జోలికే పోవద్దందాం అన్నాడట. ఆంటీ హెడ్‌ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ పెట్టుకుని స్వాహిలీలో ఏదో గట్టిగా అన్నారు. ఏమన్నారని అడిగితే, "రోడ్డు మీద కుక్కలుంటే కుక్కల్ని పట్టాల గానీ పిల్లను ఇంట్లో కట్టేస్తారా అన్నా. రోడ్డు ఆ పిల్లది కూడా," అన్నారు. హక్కుల గురించి తర్వాత ఎన్నో పెద్ద ఉపన్యాసాలు విన్నాను. నాకు గుర్తున్నది ఇదొక్కటే.

ఇక ఫోటో సంగతి.

2016 వసంతం. నేను ఉద్యోగంలో చేరి వేరే ఫ్లాట్‌కు మారినా శనివారాలు అక్కడే తినేదాన్ని. అప్పుడు వాళ్లింట్లో రేడియో పాప ఉంది. తన ఊళ్లో రేడియోలో ఏవో అడగకూడని ప్రశ్నలు అడిగింది. ముఖం లేని అకౌంట్ల నుంచి బెదిరింపులు మొదలయ్యాయి. ఇంటి గేటు ఫోటో పెట్టారు. తర్వాత వాళ్లమ్మ సంతకు వెళ్తున్న ఫోటో పెట్టారు. యూనివర్సిటీలో మూడు నెలల కోర్సు పేరుతో ఆంటీ ఆమెను ఇక్కడికి రప్పించారు. ఊళ్లో అందరూ ఆమె వేరే పట్నంలో పనిచేస్తోందనుకుంటున్నారు. వాళ్లమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉంది. కూతురు ఎక్కడుందో తెలిస్తే వాళ్లు ముందు తట్టేది ఆ తల్లి తలుపే. ఆమెను కూడా బయటికి తెచ్చే ఏర్పాట్లు నడుస్తున్నాయి, ఇంకా కుదరలేదు.

సరిగ్గా అప్పుడే మన తెలుగు అసోసియేషన్‌వాళ్లకు, ఆఫ్రికాలో అన్నాళ్లు పాఠాలు చెప్పిన ఆంటీని సన్మానించాలని బుద్ధి పుట్టింది. సభకు రానన్నారు. శాలువా వద్దన్నారు. ఫోటో అసలే వద్దన్నారు. మనవాళ్లకు వద్దంటే వద్దని కాదు కదా! ఇంకో ముద్ద పెట్టమనీ, ఇంకోసారి అడగమనీ. సెక్రటరీ గారు పాపం మంచివాడు, మొహమాటమనుకున్నాడు. మిల్టన్ కీన్స్ నుంచి కారేసుకుని, శాలువా, పూలగుత్తి పట్టుకుని చెప్పాపెట్టకుండా దిగాడు. ఇంటికొచ్చినవాడిని పొమ్మంటారా? శాలువా కప్పాడు. ఆ క్షణంలో, కాఫీల ట్రే పట్టుకుని రేడియో పాప వంటగదిలోంచి వచ్చింది. ఆంటీ చెయ్యి అడ్డం పెట్టేలోపు ఫోన్ క్లిక్కుమంది. "ఫోటో వద్దు, తీసెయ్ నాయనా," అని ఆంటీ ఒకటికి నాలుగుసార్లు అన్నారు. "అలాగే ఆంటీ, అలాగే," అన్నాడాయన, నవ్వుతూ.

మర్నాడు పొద్దున బస్సులో ఫోన్ తెరిస్తే ఆ ఫోటో అసోసియేషన్ పేజీలో ఉంది. షెఫీల్డ్ అని ఉంది. 'ఆఫ్రికా నుంచి వచ్చిన శిష్యురాలి సేవలో' అని కూడా ఉంది. ట్రే పట్టుకున్న పిల్ల ముఖం నిండు చంద్రుడిలా కనిపిస్తోంది. దిగి పరుగెత్తాను.

ఆంటీ బియ్యం కడుగుతున్నారు. ఫోటో చూశారు. చేతులు తుడుచుకున్నారు. నేను ఆవేశంగా, ఇప్పుడే ఆయనకు ఫోన్ చేసి ఎవరి ప్రాణం మీదికి తెచ్చావో చెబుతానన్నాను.

"చెప్పినావంటే చంపినావే," అన్నారు ఆంటీ. "తీసేయమంటే తీసేస్తారు. ఎందుకో చెప్తే, తీసేసే ముందు ప్రతి ఒక్కరూ ఇంకోసారి ఆ పిల్లను చూస్తారు. దాచి పెట్టుకుంటారు, పక్కోళ్లకు చూపిస్తారు. నన్ను చూడనీ."

నాకేమీ అర్థం కాలేదు. ఆవిడ ఫోన్ తీసుకుని సెక్రటరీ గారికి కలిపారు. నేను అప్పటిదాకా వినని గొంతుతో, ఒక గారాల గొంతుతో మొదలుపెట్టారు.

"ఏం నాయనా, ఆ ఫోటోలో నన్ను బర్రె మాదిరి చూపించినావే! రెండు గడ్డాలు! ఆ చీర చూడు, ఇస్త్రీ లేదు, ఏం లేదు. తీసెయ్ ఇప్పుడే."

"భలేవారే ఆంటీ, హీరోయిన్లా ఉన్నారు!"

"తీసేయకుంటే మీ ఇంటి గడప తొక్కను. మీ ఆవిడతో కూడా మాట్లాడను. నాకు ఏడుపొస్తాంది."

నిజంగానే ముక్కు చీదారు! ఆయన పగలబడి నవ్వి, తీసేశాడు. అప్పటికే మాంచెస్టర్ గ్రూపుల్లోకి, ఇంకా ఎక్కడెక్కడికో పాకింది. ఎవరెవరు పంచారో నేను వెతికి చెప్పడం, ఆవిడ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అదే పాట పాడడం. ఒకచోట గడ్డం, ఒకచోట చీర, ఒకచోట జుట్టుకు రంగు సరిగా లేదని. డాక్టర్లూ, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లూ, ఇంట్లో ఆడవాళ్లూ అందరూ నవ్వారు. "ఈ వయసులో ఇదేం సోకు ఆంటీ!" అని ఒకామె ముఖం మీదే అంది. "సోకుకు వయసేందమ్మా," అన్నారు ఈవిడ. వయసంతా నికార్సుగా, నగానట్రా లేకుండా బతికిన మనిషి, బడిలో వందల పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెట్టిన మనిషి, ఒక తల్లి తలుపు ఎవరూ తట్టకూడదని తన పరువును చిల్లర మార్చినట్టు ఇంటింటికీ పంచేస్తోంది. దేవుడా, అంతకంటే గొప్పతనం నేనెక్కడా చూడలేదు.

రేడియో పాప మెట్ల మీద కూర్చుని, ఫోన్‌ను రెండు చేతుల్లో పట్టుకుని కదలకుండా ఉంది. ఏమీ జరగకపోతే వాళ్లమ్మ సాయంత్రం ఏం వండుతోందో మెసేజ్ పెడుతుంది. అదీ గుర్తు. సాయంత్రం అరటికాయలు వండుతున్నానని వచ్చింది. పిల్ల ఆంటీ ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆంటీ ఏడవలేదు. పొద్దున కడిగిన బియ్యం ఇంకా సింకు పక్కనే ఉన్నాయి. అప్పుడు స్టవ్ వెలిగించారు.

అలా వచ్చింది ఆ పేరు. ఆ తర్వాత ప్రతి ఉగాదికీ సెక్రటరీ గారు మైకులో, "ఆంటీ గారు వచ్చారు, ఫోటోగ్రాఫర్లు జాగ్రత్తండోయ్!" అనేవాడు. హాలంతా నవ్వేది. ఇక్కడే పుట్టిన పిల్లలు కూడా 'ఫోటో ఆంటీ' అని ఇంగ్లీషు యాసలో పిలిచేవారు. ఆవిడ కొంగు సర్దుకుని ఒయ్యారంగా నవ్వేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకసారి లేవబోతే టేబుల్ కింద తొడ మీద గిల్లారు. "నవ్వనీలే మే. నవ్వేటోళ్లు వెతకరు," అన్నారు. ఆ తల్లి బయటపడిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆ ఇంట్లో అలాంటివి అడగం.

పోయిన ఆదివారం సంతాప సభ పెట్టారు. దండ వేయడానికి ఆవిడ ఫోటో ఒక్కటీ దొరకలేదు. చివరికి అంకుల్ ఆవిడ పాస్‌పోర్టు ఫోటోను పెద్దది చేయించి తెచ్చారు. అందులో ఎవరినో కోప్పడుతున్నట్టు ఉన్నారు. బల్ల మీద నా లాప్‌టాప్ పెట్టాను. దూరదేశాల్లోని ఆవిడ మనుషులు అందులో కలిశారు. తెర నిండా నల్లటి గళ్లు. ముఖాల్లేవు, పేర్లు లేవు. ఆవిడ నేర్పినట్టే వచ్చారు అందరూ. సెక్రటరీ గారు మైకు తీసుకుని, "మా ఆంటీకి ఫోటోలంటే ఎంత…" అని మొదలుపెట్టాడు. అందరూ తడికళ్లతోనే నవ్వారు.

అప్పుడు ఒక గడి వెలిగింది. రేడియో పాప. పక్కన తలకు గుడ్డ చుట్టుకున్న ఒక పెద్దామె.

"ఈమె మా అమ్మ," అంది ఇంగ్లీషులో. "నిరుడు నా దగ్గరికి వచ్చేసింది. ఆంటీ ఆ రోజు ఆ ఫోటో తీసేయించి ఉండకపోతే ఈమె ఇక్కడ ఉండేది కాదు. ఇంక దాచక్కర్లేదు, అందరికీ చెప్పండి."

సెక్రటరీ గారు తెర దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "కాఫీ ఇచ్చిన అమ్మాయి," అన్నాడు, తనలో తాను. మైకు పట్టుకున్న చెయ్యి కిందికి జారిపోయింది.

తెర మీద ఆ పెద్దామె మాత్రం వీళ్లెవరినీ చూడడం లేదు. అంకుల్‌నే చూస్తూ, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "పోలే," అంది. "పోలే, పోలే."

స్వాహిలీలో ఆ మాటకు, మీ దుఃఖం నాదీ అని అర్థమట. తర్వాత తెలిసింది. ఆ క్షణాన హాల్లో ఉన్న మా అందరికీ అది తెలుగులాగే, పోలేదు అన్నట్టే వినబడింది. రెండు భాషలూ తెలిసినవాడు అంకుల్ ఒక్కరే. ఆయన లేచి, తెరకేసి చేతులు జోడించి, తల ఊపుతూ అనంతపురం తెలుగులోనే జవాబిచ్చారు.

"ఊఁ, అవునమ్మా. పోలే."